ప్రకృతి – వికృతి : స్వభావమునకు పేరు పెట్టుటలోని చిక్కు

తెలుగు బడిలో చదివిన ప్రతి బాలునకును ప్రకృతి వికృతుల పట్టిక పరిచితమే. ముఖము ప్రకృతి, మొగము వికృతి. సింహము ప్రకృతి, సింగము వికృతి. యాత్ర ప్రకృతి, జాతర వికృతి. వ్యాకరణమున వికృతి యనగా రూపము మారినదని మాత్రమే యర్థము, చెడినదని కాదు. సమ్మక్క జాతరకు పోవు జనులు చెడిపోయిన యాత్రకు పోవుచున్నామని తలపరు. యాత్ర యను మాటలో లేని డప్పుల మ్రోత, ధూళి, చుట్టముల కలయిక జాతర యను మాటలో కలవు. పుట్టిన పిదప వికృతి తన కాళ్ళపై తానే నిలుచును. కాని అదే మాట బడి గడప దాటి వీధిలోనికి వచ్చినంతనే దాని ముఖము మాఱును. 'వికృత చేష్టలు', 'వికృత బుద్ధి' అన్నపుడు అందు రోత, భయము, తిరస్కారము కలసియుండును. ఒక మనుజుని స్వభావము సహజమా, వికృతమా యని లోకము తీర్పు చెప్పునపుడు ఈ రెండర్థములలో దేనిని పట్టుకొని చెప్పుచున్నదో విచారింపవలసియున్నది.

'వికట' శబ్దము 'వికృత' శబ్దమునకు ప్రాకృత రూపమని నిఘంటుకారులు కొందఱు తలంతురు. తెనాలి రామకృష్ణుని లోకము వికటకవి యని పిలిచినది నిందగా గాదు, ముద్దుగా. ఎటునుండి చదివినను ఒకటే యగు ఆ పేరును పిల్లలు నేటికిని ఆటగా వల్లించుచుందురు. రాజసభలో మఱి యెవ్వరును అనరాని మాటను అనగల స్వేచ్ఛ ఆ వికటత్వమునకే దక్కినట్లు కథలు చెప్పుచున్నవి. అఱువది సంవత్సరముల చక్రమున వికృతి యను పేరు గల యేడును ఒకటి కలదు. 2010 ఉగాదినాడు ప్రవేశించిన ఆ యేటను తక్కిన యేండ్లలో వలెనే బిడ్డలు పుట్టిరి, పెండ్లిండ్లు జరిగినవి.

వైద్యశాస్త్రమున ఈ జంట మాటలకు బరువు హెచ్చు. వాత పిత్త కఫములలో దేని పాలు అధికమో దానిని బట్టి పుట్టుకతో వచ్చు దేహస్వభావము ప్రకృతి. దోషముల పొందిక చెదరుట వికృతి. అయినచో పుట్టుకతోనే వాతము హెచ్చుగా గలవాడు ఆరోగ్యవంతుడా, రోగియా? ఈ ప్రశ్న ప్రాచీనులకే తట్టినది. చరకసంహిత మూడు దోషములును సమముగా గలవారినే నిరోగులుగా నెంచి, తక్కినవారు సర్వకాలములందును రోగమునకు లోబడినవారేయని భావించినది. సుశ్రుతసంహిత విషమున బుట్టిన కీటకమును దృష్టాంతముగా జూపి, పుట్టుకతో వచ్చిన ప్రకృతి తనవానిని బాధింపజాలదని తలచినది. ఒకరు సమత్వమను ఆదర్శముతో మనుజుని కొలిచిరి. ఒకరు ఆ మనుజునితోనే ఆ మనుజుని కొలిచిరి. ఈనాటి మనోవైద్యులు సభలలో తర్కించు విషయమునకు బీజము ఈ భేదముననే కలదు. 'వెఱ్ఱి వేయి విధములు, పైత్యము పదివేల విధములు' అను సామెతలోని పైత్యము ఆయుర్వేదపు పిత్తము నుండి దిగివచ్చినదే. వైద్యుని పెట్టెలోని మాట ఊరి నోట బడి, ఒకరినొకరు ఎత్తిపొడుచుటకు పనికివచ్చు మాటయైనది. నేడు ఇంగ్లీషునుండి వచ్చిన డిప్రెషను, మెంటలు అను మాటలకును అదే గతి పట్టినది.

నార్మలు అను ఇంగ్లీషు మాట వడ్రంగి మూలమట్టమునకు లాటిను భాషలో గల పేరునుండి పుట్టినది. మూలమట్టము కొయ్య ఎట్లున్నదో చెప్పుటకు గాదు, ఎట్లుండవలెనో చెప్పుటకు. 1835లో బెల్జియము దేశపు ఖగోళశాస్త్రజ్ఞుడు కెత్లే 'సగటు మనుష్యుడు' అను భావనను లోకమునకు తెచ్చెను. నక్షత్రముల స్థానమును కొలుచునపుడు వచ్చు పొరపాటులవలె, సగటునకు దూరముగా నుండుట ప్రకృతి చేసిన పొరపాటని ఆ భావనలో ఇమిడియున్నది. నాటినుండి 'ఎక్కువమంది ఎట్లున్నారు', 'మనుజుడు ఎట్లుండవలెను' అను రెండు ప్రశ్నలు కలగాపులగమైనవి. తెలుగువారికి ఈ భ్రమ ఇంత తేలికగా కలుగరాదు. మామూలు అను మాట మనకు కలదు. మామూలనగా వాడుక; కచేరీలో బల్ల క్రిందనుండి ముట్టజెప్పునదియు మామూలే. వాడుకయైనంత మాత్రమున న్యాయము కాదని ఆ మాట ప్రతిదినము గుర్తుచేయుచున్నను వినువారు తక్కువ.

సగటు మనుష్యుడు నిజముగా ఎచ్చటనైన కలడా? 1950లో అమెరికా వైమానికదళము 4,063 మంది విమానచోదకుల దేహములను కొలిపించినది. డేనియల్సు అను యువ పరిశోధకుడు ఆ కొలతలలో పదింటిని తీసికొని, పదింటను సగటునకు దగ్గఱగా నున్నవాడెవడని వెదకగా ఒక్కడును దొరకలేదు. సగటు కొలతలకు అమర్చిన ఆసనము ఎవ్వనికిని అమరని ఆసనమని తేలినది. దేహము మాటయే ఇట్లున్నపుడు కోపము, సిగ్గు, ఉత్సాహము, దుఃఖము మొదలగు వానికి సగటు గట్టుట ఎంతటి సాహసమో వేఱుగ చెప్పనక్కఱలేదు.

కొలబద్ద తప్పుట ఒక దోషము. కొలుచువాని స్వార్థము అంతకంటె పెద్ద దోషము. 1851లో అమెరికా దక్షిణ రాష్ట్రములకు చెందిన కార్ట్‌రైటు అను వైద్యుడు, యజమానిని విడిచి పారిపోవు నల్లజాతి బానిసలకు ఒక మనోవ్యాధి కలదని చెప్పి దానికి గ్రీకు భాషలో పేరు కూడ పెట్టెను. పారిపోవుట రోగమైనచో కట్టివేయుట చికిత్స యగును! ఇది ఎక్కడనో పాతకాలమున జరిగిన మూఢత్వమని తోసివేయుటకు వీలులేదు. స్వజాతి లైంగికాకర్షణను అమెరికా మనోవైద్యుల సంఘము 1973 వరకును, ప్రపంచ ఆరోగ్యసంస్థ 1990 వరకును వ్యాధుల పట్టికలో ఉంచినవి. మన దేశమున దానిని నేరముగా జూచు చట్టభాగమును సర్వోన్నత న్యాయస్థానము 2018లో కొట్టివేసినది. ఒక రాత్రి రోగులుగా నిద్రించినవారు మఱునాడు ఆరోగ్యవంతులై లేచిరి. మందు మ్రింగినందున గాదు, పట్టిక మాఱినందున. మన ఇండ్లలోని సంగతి చూచినను, పుఱ్ఱచేతివాటము గల బిడ్డ బలపమును ఎడమచేత బట్టినందులకు దెబ్బలు తినని ఊరు అరుదు. మనుష్యులలో పదింట ఒకరు అట్టివారే. ఎడమచేత వడ్డింపరాదను ఆచారమునకు మర్యాద కారణము కావచ్చును గాని, పలకమీద 'అ' వ్రాయుటకు ఏ చేయి అయిననేమి?

తెలుగు నవలలో ఈ ప్రశ్నను నేరుగా తలకెత్తుకొన్నది గోపీచందు 'అసమర్థుని జీవయాత్ర'. 1940లలో వ్రాయబడిన ఈ గ్రంథమును తెలుగున మనోవైజ్ఞానిక నవలలకు మొదటిదిగా పలువురు గణింతురు. ఆ కీర్తియే దానికి కొంత కీడు చేసినది. సీతారామారావును ఆత్మన్యూనతకు లోనైన రోగిగా పరీక్షించి, లక్షణములను వరుసగా వ్రాసి, శ్మశానములో అతని మరణముతో చీటీని ముగించుట విమర్శకులకు అలవాటైనది. ఇట్టి పఠనమున నవల ఆసుపత్రి కాగితమగును. పేరులోని అసమర్థుడను మాట ఎవరిది? గోపీచందు తీర్పును అట్టమీదనే చెప్పి, విచారణను లోపల జరిపించెను. లోకములోని న్యాయస్థానములకు ఇది తలక్రిందుల పద్ధతి. నవలకు మాత్రము ఇదియే బలము. చదువరి ప్రతిపుటలోను ఆ తీర్పును సరిచూచుకొనుచు పోవలసివచ్చును.

సీతారామారావునకు తండ్రినుండి వచ్చినది ఆస్తికంటె హెచ్చుగా వంశప్రతిష్ఠ యను భారము. లెక్కచూడక ఇచ్చు చేయి తండ్రిదైనపుడు లోకము దానిని దానగుణమని కొనియాడినది. కాలము మాఱి, కలిమి కరిగిన పిదప అదే చేయి కొడుకుదైనపుడు అసమర్థత యన్నది. గుణము మాఱలేదు, దానిని మోయగల ఇల్లు మాఱినది. ఒక స్వభావము ఏ కాలమున, ఏ కలిమిలో, ఎవరి నడుమ వర్తించుచున్నదో చూడక దానికి పేరు పెట్టుట ఎంత పొరపాటో ఈ ఒక్క విషయము తెలుపును. సమర్థుడనగా తనకు కావలసినది లోకమునుండి పిండుకొనగలవాడని ఊరు భావించునపుడు అసమర్థత ఒక్కొక్కప్పుడు గౌరవముగా కూడ కనిపించును. సీతారామారావు మొదట దానిని గౌరవముగానే భావించుకొనెను.

అంతటితో ఆగి, అతనిని సంఘమునకు బలియైన నిర్దోషిగా నిలుపుట మఱియొక పొరపాటు. ఇటీవలి విమర్శలో ఈ రెండవ ధోరణియే హెచ్చుచున్నది. భార్య ఇందిర పడిన హింస నిజము. తన్ను తాను సహింపలేక అతడు పడిన వేదన నిజము. రామయ్య తాతతో సాగు చర్చలు కొన్నియెడల నవల నడకను కుంటుపఱచిన మాట సత్యమే. అచ్చట రచయిత కథకుని పీట విడిచి ఉపన్యాసకుని వేదిక ఎక్కెను. కాని చివరి ఘట్టమునందు ఆయన ఏ సిద్ధాంతమునకును తన పాత్రను అప్పగింపలేదు. ఆ మరణమును చదివినవాడు 'ఇతనికి ఏ రోగము?' అని అడుగుటకు ముందు 'ఇతనిని ఎవరైన ఆపియుండవచ్చునా?' అని అడుగును. ఏ రోగమను ప్రశ్న పట్టికకు సంబంధించినది, ఆపుటను గూర్చిన ప్రశ్న మనుజునకు సంబంధించినది. నవల రెండవ ప్రశ్నను ముందు నిలిపినది గనుకనే అది నేటికిని చదువబడుచున్నది.

బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' నడచిన దారి వేఱు. దయానిధి వృత్తిచేత వైద్యుడు. తల్లి నడతను గూర్చి లోకమనుకొను మాటలు అతనిని పుట్టుమచ్చవలె వెంటాడును. ఇచ్చట దోషము దేహమున లేదు. మొదట మనస్సునను లేదు. అది ఊరి నోటిలో నున్నది. నోటిలోని మాట క్రమముగా లోనికి దిగి మనస్సులో కాపురము పెట్టును. పరుల రోగమునకు మందిచ్చువాడు తనకంటిన పేరునకు మందు ఎఱుగడు. (రెండు నవలలలోను భార్య పేరు ఇందిరయే యగుట కాకతాళీయము కావచ్చును. ఇద్దఱి బాధయు విమర్శకుల లెక్కలలో తక్కువగా పడినది.)

మనుజులకే గాక భాషలకును వైద్యులు కలరు. గిడుగు రామమూర్తి తన గ్రంథమొకదానికి 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం' అని పేరు పెట్టెను. భేషజమనగా సంస్కృతమున ఔషధము; తెలుగువాడుకలో లేని గొప్పను ప్రదర్శించుట. నోటిభాషను రోగిగా పడుకోబెట్టి, దానికి వ్యాకరణపు గుళికలు మ్రింగింపజూచిన పండితులకు ఇంతకంటె చుఱుకైన సమాధానము లేదు. ఆయన కర్మభూమి పర్లాకిమిడి. ఆ పట్టణము 1936లో ఒడిశా రాష్ట్రమున చేరినది. సవరల మన్యములో జ్వరమునకు తీసికొన్న క్వయినా మందువలన ఆయనకు వినికిడి తగ్గినది. చెవి సరిగా వినబడని వాడు జనుల నోటి పలుకు విలువను గ్రహించెను. చెవులు చక్కగా నున్న పండితులు దానిని గ్రామ్యమనిరి. వైకల్యము ఎవరిదని అడుగుటకు ఇంతకంటె తగిన తావు దొరకదు. ఆయన వాదమును మెచ్చువారు సయితము సంచికలకు వ్యాసములు వ్రాయునపుడు పాత అంగీ తొడుగుకొనుట మాత్రము మాననే లేదు!

ఆంధ్ర తెలంగాణములకు వెలుపల తరతరములుగా నివసించు తెలుగువారికి ఈ చర్చ పుస్తకములలోనిది గాదు. హోసూరు, మదుర, కోలారు, బళ్ళారి, బరంపురము, సోలాపురము – ఎచ్చట చూచినను తెలుగు బిడ్డ రెండు కొలబద్దల నడుమ పెరుగుచున్నాడు. అతని తెలుగు హైదరాబాదు చుట్టమునకు వింత; అతని తమిళమో కన్నడమో ఒడియాయో మరాఠీయో బడిలో యాసతో కూడినది. ఇంటను తప్పు, బయటను తప్పు. తమిళనాట పెరిగిన బాలుడు కిటికీని జన్నలు అనును. ఉపాధ్యాయుడు ఎఱ్ఱసిరాతో కొట్టివేయును. జన్నలు పోర్చుగీసువారి మాట, తమిళము ద్వారా వచ్చినది. దానికి బదులుగా వ్రాయించు కిటికీ హిందీ ఖిడికీ. ముందు వచ్చిన అతిథి గృహస్థుడై కూర్చుండి, వెనుక వచ్చిన అతిథిని గడప దాటనీయకున్నాడు. పరీక్షలో ప్రామాణిక రూపము నేర్పవలసినదే. అందులకు ఎవ్వరును అడ్డుచెప్పరు. కాని ప్రామాణికము గాని రూపమును బుద్ధిలోపమునకు గుర్తుగా నెంచుటకు అధికారము ఎచ్చటనుండి వచ్చినది?

ఆ అధికారమును కొంతకాలము శాస్త్రమే ఇచ్చినది. 1923లో వేల్సు దేశమున సేరు అను పరిశోధకుడు, పల్లెలలో రెండు భాషలు మాటలాడు బాలురకు బుద్ధిపరీక్షలలో తక్కువ మార్కులు వచ్చుచున్నవని ప్రకటించెను. రెండు భాషలు పసిమనస్సును గందరగోళపఱచునను నమ్మకము అటుపిమ్మట దశాబ్దములపాటు బడులలో రాజ్యమేలినది. 1962లో మాంట్రియలు నగరమున పీలు, లాంబర్టు అనువారు కుటుంబముల ఆర్థికస్థితిని సరిచూచుకొని పదేండ్ల బిడ్డలను పోల్చగా, ఫ్రెంచి ఇంగ్లీషులు రెండును వచ్చినవారే ముందున్నారని తేలినది. అంతకు మునుపటి పరీక్షలలో పెక్కింట కొలువబడినది బుద్ధి గాదు, పేదఱికమని దీనినిబట్టి ఊహింపవచ్చును. ఒడిశాలో అజిత్ మొహంతి కంధ బాలురను పరిశీలించి, కుయి ఒడియా రెండును మాటలాడువారు ఒక్క ఒడియా మాత్రమే మిగిలిన కంధులకంటె బుద్ధిపరీక్షలలో మెఱుగుగా నుండిరని చూపెను. తల్లిభాషను పోగొట్టుకొనుట నాగరికతయని భావించువారు ఈ పరిశోధనను తప్పక తెలిసికొనవలెను. 2013లో హైదరాబాదు నిమ్స్ వైద్యురాలు సువర్ణ అల్లాడి బృందము మతిభ్రంశము కలిగిన 648 మంది వృత్తాంతములను పరిశీలించి, రెండు భాషలు మాటలాడువారిలో ఆ వ్యాధి సుమారు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా మొదలైనదని ప్రకటించినది. చదువురానివారిలోను ఈ భేదము కనబడినది. ఇట్టి ఫలితములపై శాస్త్రజ్ఞులలో భిన్నాభిప్రాయములు కలవు గనుక, రెండు భాషలను దివ్యౌషధముగా చాటుటయు అతియే యగును. నిన్న రోగమన్నదానిని నేడు వరమనుట అదే తప్పునకు రెండవ ముఖము.

ఇంతమాత్రమున వైకల్యమే లేదు, అంతయు లోకము కల్పించినదే యనుట సాహసము. రాత్రులు నిద్రలేక, అన్నము సయింపక, ప్రాణము తీసికొనదలచువాని బాధ పట్టికలకు పుట్టినది గాదు. అతడు తనకు తానే పరాయియైనాడు, వైద్యుడు కావలెను. పేరు పెట్టుట ఉపకారమగు సందర్భములును కలవు. 1995 నాటి వికలాంగుల చట్టము ఏడు వర్గములను చెప్పగా, 2016 చట్టము ఇరువదియొక్క వర్గములను చెప్పినది. అక్షరములను పోల్చుకొనుటలోను, లెక్కలలోను కలుగు ప్రత్యేక అభ్యసన వైకల్యము అందు చేరినది. అట్టి బిడ్డలు అంతకుముందును బడులలో నుండిరి. వారిని మొద్దులనిరి, సోమరులనిరి. ఆ పేర్లకంటె ఈ పేరు మేలు. దీనివలన పరీక్షలో అదనపు సమయము దొరకును, దెబ్బ తప్పును. ఒక పేరు మంచిదో చెడ్డదో నిర్ణయించుటకు, దానిని మోయువానికి దానివలన ఏమి చేకూరినదని అడుగుటకంటె ఉత్తమమైన పరీక్ష కనబడదు.

అల్పసంఖ్యాక భాషల బడులలో చిక్కంతయు ఈ రెండింటిని వేఱుపఱచుటలోనే యున్నది. తడబడుచు చదువు బిడ్డకు వైకల్యమున్నదా, లేక బడిభాష ఇంకను వంటబట్టలేదా? తెలిసినవారు చెప్పు మార్గము సరళమైనదే. భాషావైకల్యము నిజముగా నున్నచో అది బిడ్డకు వచ్చిన భాషలన్నిటిలోను కనబడును. ఇంట అవ్వకు నిన్నటి సంగతిని తెలుగులో పూసగ్రుచ్చినట్లు చెప్పి, బడిలో తమిళమునో మరాఠీనో తడుముకొను బిడ్డకు కావలసినది వైద్యము గాదు, వ్యవధి. ఇంటను మాటలు పేర్చుకొనలేక, తోటివారికంటె చాల వెనుకబడి, చెప్పినది గ్రహింపలేకున్న బిడ్డను 'రెండు భాషలుగదా, తానే సర్దుకొనును' అని యేండ్ల తరబడి విడిచిపెట్టుటయు అంతే అన్యాయము. ఒక్క భాషలో పెరిగిన బాలుర సగటుపై కట్టిన ప్రశ్నపత్రము మొదటి బిడ్డను రోగిగా చూపును; ఉపాధ్యాయుని ఉదాసీనత రెండవ బిడ్డను మఱుగుపఱచును.

ఇట్టి బిడ్డల తల్లిదండ్రులకు తఱచుగా లభించు సలహా ఇంట తెలుగు మానుడని. మాటలు ఆలస్యమైన బిడ్డలు రెండవ భాష వలన అదనముగా నష్టపోవుదురనుటకు ఇంతవఱకు జరిగిన పరిశోధనలలో ఆధారము కానరాదు. మానినచో బిడ్డ లోపము తీరదు. తల్లి తనకు చక్కగా రాని భాషలో బిడ్డను లాలింపవలసివచ్చును, అవ్వతో మాటలు తెగిపోవును. పరీక్షించువారికి తెలుగు రాకున్నచో ఇంటివారిలో ఒకరిని, వీలైనచో తెలుగు ఉపాధ్యాయుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, బిడ్డ మాటలను రెండు భాషలలోను వినుమని తల్లిదండ్రులు అడుగవచ్చును. అట్లు వినిన పిదపనే కాగితముపై ఏ పేరైనను వ్రాయవలెను.